డిపార్ట్‌మెంట్ విజయాల బులెటిన్ ఎలా తయారు చేయాలి? వార్త అడగడం దగ్గర్నుంచి పంపేదాకా

విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ సాధించినవాటితో ఒక బులెటిన్ వేయమని ఎవరో ఒకరి నెత్తిన పెడతారు, వాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఎవరూ ఏమీ పంపట్లేదు, ఏం చేయాలి? పంపినవాటిలో ఏది నిజమో ఎలా తెలుస్తుంది? పోయినసారి వేసినదాంట్లో ఒకరి పేరు తప్పుపడి పెద్ద గొడవైందట, ఈసారి అలా కాకూడదంటే ఎలా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను.

డిజైన్ గురించి ఇక్కడ దాదాపు ఏమీ ఉండదు. రంగులు, బోర్డర్లు, లోగో ఎంత సైజు అన్నవి ఎవరైనా తేల్చగలరు. ప్రతి వార్తలోనూ ఆ మనిషి అసలు ఏం చేశారో తెలియాలి, అది నిజమై ఉండాలి. "ప్రతిష్ఠాత్మక", "గర్వకారణం", "అద్భుత విజయం" లాంటి మాటలన్నీ కొట్టేశాక ఏమైనా మిగిలితే అది వార్త. ఏమీ మిగలకపోతే ఫోన్ చేసి అడగాల్సిందే.

ఏమేం కావాలి

- ఇద్దరు మనుషులు. ఒకరు రాయడానికి, ఒకరు సరిచూడటానికి. ఒక్కరే రెండూ చేస్తే తాము రాసినదాంట్లో తప్పులు తమ కంటికి ఆనవు.
- డిపార్ట్‌మెంట్ పేరు మీద ఒక ఈమెయిల్ ఐడీ. ఏ విద్యార్థి సొంత ఐడీ కూడా వద్దు, కారణం చివర్లో చెప్తాను.
- ఒక షీట్. అందులో ఈ గడులు ఉండాలి: పేరు, బ్యాచ్, ఏం జరిగింది, ఏ తేదీన, రుజువు లింకు, ఎవరు సరిచూశారు, అనుమతి వచ్చిందా, ఏ సంచికలో వేశాం.
- ఒక చిన్న ఫామ్.
- మొదటి సంచికకి కనీసం ఆరు వారాలు. అలవాటయ్యాక మూడు వారాలు చాలు. "వచ్చే సోమవారానికల్లా కావాలి" అంటే ఒప్పుకోకండి, సరిచూడటానికి టైమ్ లేని బులెటిన్ వేయకపోవడమే నయం.

1. ఎవరు మనవాళ్లో ముందే రాసిపెట్టుకోండి

చూడ్డానికి చిన్న విషయమే గానీ మాటామాటా పెరిగేది ఇక్కడే. డిగ్రీ పూర్తిచేసినవాళ్లేనా, మధ్యలో మానేసినవాళ్లు కూడానా? ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ మీద వచ్చి వెళ్లినవాళ్ల సంగతేంటి? పీహెచ్‌డీ అయ్యాక కొన్నాళ్లు పరిశోధనకి వచ్చినవాళ్లు (పోస్ట్‌డాక్)?

షాంఘై ర్యాంకింగ్ అని అందరూ పిలిచే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకింగ్ ఏఆర్‌డబ్ల్యూయూ 2003 నుంచి వస్తోంది. అందులో పూర్వ విద్యార్థులకు వచ్చిన నోబెల్ బహుమతులకూ గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడళ్లకూ కలిపి 10 శాతం మార్కులుంటాయి. అక్కడ పూర్వ విద్యార్థి అంటే ఆ సంస్థలో బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్‌లలో ఏదో ఒక డిగ్రీ అందుకున్నవారు మాత్రమే. ర్యాంకింగ్‌కి అంత కచ్చితం కావాలి, బులెటిన్‌కి అక్కర్లేదు. మధ్యలో ఆపేసినవాళ్లనీ కలుపుకోండి అనే నేనంటాను. హార్వర్డ్‌లో చదువు మధ్యలో వదిలేసిన బిల్ గేట్స్‌కి అదే యూనివర్సిటీ 2007లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంత పేరు వచ్చాక ఎవరైనా పిలుస్తారు, పేరు రానివాళ్లని కూడా మనం పిలవొచ్చు కదా. వార్తలో మాత్రం "చదువు మానేసిన" అని రాయకండి. "2011 నుంచి 2013 దాకా ఇక్కడ చదివారు" అంటే సరిపోతుంది.

కాలం కూడా తేల్చుకోండి. గత ఆరు నెలలా, ఏడాదా? లేకపోతే ఎప్పుడో పదేళ్ల కిందటి అవార్డులు కూడా వచ్చి పడతాయి.

2. అందరినీ ఒకేసారి కాదు, ఒక్కొక్కరినీ అడగండి

గ్రూపులో "మీ విజయాలు పంపండి" అని ఒక మెసేజ్ పడేసి కూర్చుంటే, ప్రతిసారీ ప్రతిదీ పంపే నలుగురే మళ్లీ పంపుతారు. మిగతావాళ్లు సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని ఊరుకుంటారు. నిజానికి మీకు కావాల్సిన వార్తలు ఎక్కువగా ఆ ఊరుకునేవాళ్ల దగ్గరే ఉంటాయి.

అందుకే ప్రశ్న తిప్పి అడగండి. "మీరు ఏం సాధించారు?" అని కాకుండా "మీ బ్యాచ్‌లో ఈ ఏడాది ఎవరు ఏం చేశారో ఒక్కటి చెప్పండి" అనండి. తమ గురించి ఒక్క ముక్క చెప్పని మనిషి స్నేహితుల గురించి పావుగంట చెప్తారు. ప్రతి బ్యాచ్‌కీ ఒకరిని పట్టుకోండి, బ్యాచ్‌లో బాగా పేరున్నవాళ్లని కాదు, అందరితో మాట కలిపి ఉన్నవాళ్లని. ల్యాబ్ ఇన్‌ఛార్జులు, స్పోర్ట్స్ కోచ్, లైబ్రేరియన్, హాస్టల్ వార్డెన్, వీళ్లని నెలకోసారి పలకరిస్తే చాలు.

పంపాల్సిన మెసేజ్ ఇంత పొట్టిగా ఉండాలి:

"నమస్తే అండీ, డిపార్ట్‌మెంట్ బులెటిన్ కోసం అడుగుతున్నాను. మీ బ్యాచ్‌మేట్స్‌లో ఈ మధ్య కొత్తగా ఏదైనా మొదలుపెట్టినవాళ్లు, పూర్తిచేసినవాళ్లు, ఎవరికైనా సాయపడ్డవాళ్లు ఉంటే ఒక పేరు చెప్పగలరా? మిగతాది నేను వాళ్లనే అడిగి తెలుసుకుంటాను. 20వ తేదీలోపు చెప్తే ఈ సంచికలో వస్తుంది."

ఒక హెచ్చరిక. ఆఫీసులో ట్రాన్స్‌క్రిప్టులు, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లకి ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో అందరికంటే ముందే తెలుస్తుంది. అక్కడి నుంచి కూపీ లాగకండి. అవి వాళ్లు నమ్మి ఇచ్చిన వివరాలు, బులెటిన్ కోసం ఇచ్చినవి కావు.

3. ఫామ్ చిన్నగా ఉంచండి

ఆరు ప్రశ్నలు, అంతకు మించి వద్దు.

- మీ పేరు మీరు ఎలా రాస్తారో అలాగే. చదువుకునేటప్పటి పేరు వేరైతే అదీ చెప్పండి, దాన్ని అచ్చు వేయాలో వద్దో కూడా చెప్పండి.
- కోర్సు, ఏ సంవత్సరం బ్యాచ్.
- ఏం చేశారు? మీ సబ్జెక్టు తెలియని బంధువుకి ఫోన్‌లో చెప్తున్నట్టు రెండు వాక్యాల్లో.
- ఇందులో మీతో పాటు ఇంకెవరున్నారు?
- ఇది చూపించే లింకు గానీ కాగితం గానీ.
- ఫలానా తేదీ దాకా బయటపెట్టకూడదు అన్న షరతు ఏమైనా ఉందా?

చివరి ప్రశ్న మర్చిపోతే నిజంగానే ఇబ్బంది అవుతుంది. పెద్ద జర్నళ్లలో రాబోయే పత్రాల మీద మీడియా ప్రచారానికి గడువు పెడతారు, ఫలానా రోజు ఫలానా గంట దాకా వార్తగా బయటికి రాకూడదని. ఆ గంట ఏ దేశం టైమ్‌లో చెప్పారో కూడా అడగాలి. కొన్ని అవార్డులూ అంతే, విజేతకి ముందే చెప్తారు, ప్రకటించేదాకా నోరు మెదపొద్దంటారు.

ఫామ్ కింద అనుమతి గడులు విడివిడిగా పెట్టండి: బులెటిన్‌లో వేయొచ్చా, సోషల్ మీడియాలో పెట్టొచ్చా, ఫొటో వాడొచ్చా. ముందే టిక్కు కొట్టి ఉన్న గడులు పెట్టకండి. 2018 మే 25 నుంచి యూరప్‌లో అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం అలాంటి టిక్కు అనుమతి కిందికే రాదు. మీ పూర్వ విద్యార్థుల్లో కొందరు అక్కడ ఉండే ఉంటారు, ఆ చట్టం సంగతి ఎలా ఉన్నా, మనిషి తన చేత్తో టిక్కు కొడితేనే అడిగినట్టు.

జీతం ఎంత అని అడగకండి. ఎవరైనా వాళ్లంతట వాళ్లే రాసినా అచ్చు వేయకండి.

4. రుజువు చూడండి

ఎక్కువ టైమ్ తీసుకోవాల్సింది ఇక్కడే. చాలామంది ఇబ్బందిపడతారు, "సీనియర్‌ని రుజువు అడిగితే ఏమనుకుంటారో" అని. ఫామ్‌లోనే అందరికీ ఒకే నియమం అని రాసేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

*పరిశోధనా పత్రం.* డీఓఐ నంబర్ అడగండి, అంటే ఒక్కో పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. అది ఎప్పుడూ 10తో మొదలై ఒక చుక్క ఉంటుంది. డీఓఐ సంస్థ సైటు చిరునామా (doi.org) తర్వాత ఏటవాలు గీత (/) పెట్టి ఆ నంబర్ అతికిస్తే నేరుగా పత్రం పేజీకి వెళ్లాలి. వేరే పత్రం తెరుచుకున్నా, అసలు తెరుచుకోకపోయినా మళ్లీ అడగండి. ఆ పేజీలోనే రచయితల పేర్లు, తేదీ, పత్రాన్ని వెనక్కి తీసుకున్న నోటీసు ఏమైనా ఉందా అన్నదీ చూడండి. వెనక్కి తీసుకున్న పత్రాల వివరాలు రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో కూడా దొరుకుతాయి, 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది.

పరిశోధకులకు ఉండే గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ (ORCID) ఐడీ పంపి "ఇందులో ఉంది చూడండి" అంటారు కొందరు. 2012లో మొదలైన ఈ 16 స్థానాల నంబర్ ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి బాగా పనికొస్తుంది. కానీ అందులో పత్రాలు ఎవరివి వాళ్లే చేర్చుకోవచ్చు, కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

పంపాం, ఒప్పుకున్నారు, అచ్చయింది: ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు. ఆర్కైవ్ (arXiv) అనే సైటులో పెట్టారంటే అది ప్రీప్రింట్, అంటే జర్నల్‌లో అచ్చు కాకముందే బయటపెట్టిన ప్రతి. 1991 నుంచి నడుస్తున్న ఆ సైటు గొప్పదే, కానీ అందులో పెట్టగానే తోటి నిపుణులు పరిశీలించినట్టు కాదు. "ప్రీప్రింట్ పెట్టారు" అనే రాయండి. జర్నల్ పేరు కూడా అక్షరం అక్షరం చూడాలి. "నేచర్‌లో వచ్చింది" అని పంపుతారు, తీరా చూస్తే సైంటిఫిక్ రిపోర్ట్స్ అయి ఉంటుంది. ప్రచురణకర్త ఒకరే, జర్నల్ వేరు. పేరు తెలియని జర్నల్ అయితే 2003లో మొదలైన డీఓఏజే అనే జర్నళ్ల జాబితాలో ఉందేమో చూడండి. ఉచితంగా చదువుకోగలిగే జర్నళ్లు మాత్రమే అందులో ఉంటాయి కాబట్టి లేనంత మాత్రాన దొంగ జర్నల్ అనుకోకండి, ఆ సబ్జెక్టు అధ్యాపకుల్ని ఒకరిని అడగండి.

"మొదటి రచయిత" అన్న మాట అన్ని సబ్జెక్టుల్లో ఒకేలా పనిచేయదు. గణితంలోనూ ఆర్థికశాస్త్రంలోనూ పేర్లు చాలావరకు అక్షరక్రమంలో వేస్తారు, అక్కడ ముందు ఉండటంలో విశేషమేమీ లేదు. జీవశాస్త్రాల్లో చివరి పేరు మామూలుగా ల్యాబ్ పెద్దది. ఇద్దరి పేర్ల పక్కన నక్షత్రం పెట్టి "సమాన భాగస్వామ్యం" అని ఉంటే ఇద్దరినీ రాయాలి.

*పేటెంట్.* అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది ఇందులో. దరఖాస్తు వేయడం, అది ప్రచురితం కావడం, పేటెంట్ మంజూరు కావడం వేర్వేరు దశలు. దరఖాస్తు వేసిన 18 నెలలకు మామూలుగా దానంతటదే ప్రచురితమవుతుంది, దానర్థం మంజూరైందని కాదు. నంబర్ చివర చూడండి: ఇప్పటి అమెరికా, యూరప్ పత్రాల్లో ఏ1 అని ఉంటే అది దరఖాస్తు, బీ1 లేదా బీ2 ఉంటే మంజూరైనది. నంబర్ డబ్ల్యూఓతో మొదలైతే అది పీసీటీ దరఖాస్తు, అంటే చాలా దేశాల కోసం ఒకేసారి వేసే దరఖాస్తు. "అంతర్జాతీయ పేటెంట్ వచ్చింది" అని ఎవరైనా రాస్తే ఆగండి, అలాంటిది లేదు, ఏ దేశానికి ఆ దేశం, లేదా ఆ ప్రాంతపు కార్యాలయం మంజూరు చేయాల్సిందే. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్ అనే పేటెంట్లు వెతికే సైట్లలో దేంట్లోనైనా నంబర్ కొడితే రెండు నిమిషాల పని.

*అవార్డులు.* ఎవరిచ్చారు, ఎందరికిచ్చారు, ఎవరు ఎంపిక చేశారు, డబ్బు ఎవరు ఎవరికి కట్టారు? నాలుగో ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. షీల్డు కావాలంటే ఇంత, స్టేజీ ఎక్కాలంటే ఇంత అని విజేత దగ్గరే వసూలు చేసే అవార్డులు బోలెడు. "నోబెల్‌కి నామినేట్ అయ్యారు" అన్నది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. ఆ నామినేషన్ల వివరాలు 50 ఏళ్ల దాకా బయటపెట్టరు, కాబట్టి ఈ ఏటి నామినేషన్‌ని సరిచూసే దారే లేదు.

*పోటీలు.* ఏ స్థాయి, ఎన్ని జట్లలో ఎన్నో స్థానం, జట్టులో ఎవరెవరు. ఐసీపీసీ ప్రోగ్రామింగ్ పోటీలో జట్టుకి ముగ్గురు, ఒకే కంప్యూటర్, ఐదు గంటలు. ప్రాంతీయ పోటీలో ఆడటానికీ ప్రపంచ ఫైనల్స్‌కి వెళ్లడానికీ చాలా దూరం ఉంది. "ఐసీపీసీలో సత్తా చాటారు" అని రాస్తే రెండిట్లో ఏదో తెలియదు, ముగ్గురిలో ఒకరి పేరే రాస్తే మిగతా ఇద్దరూ మళ్లీ మీకు ఏ వార్తా పంపరు.

*పుస్తకం.* ఐఎస్‌బీఎన్ ఉంది అంటే పుస్తకానికి గుర్తింపు సంఖ్య ఉందని మాత్రమే, 2007 నుంచి అది 13 అంకెలు. సొంతంగా వేసుకున్న పుస్తకమైతే "సొంతంగా ప్రచురించారు" అని రాయండి, అందులో చిన్నతనమేమీ లేదు.

*ఉద్యోగం, అడ్మిషన్, స్కాలర్‌షిప్.* ఆఫర్ వచ్చిందా, చేరారా? చేరాకే వేయండి. ఈ మధ్యలో ఎన్నో మారిపోతాయి.

రుజువు కాగితం ఏదీ లేని మంచి పనులు కూడా ఉంటాయి, జూనియర్లకి ఏడాదంతా సాయంత్రాలు లెక్కలు చెప్పడం లాంటివి. అలాంటప్పుడు దానితో సంబంధమున్న రెండో మనిషిని ఒకరిని అడిగితే చాలు. ఎటూ తేలకపోతే వచ్చే సంచికకి వాయిదా వేయండి.

5. ఇప్పుడు రాయండి

ఈ కింది వార్త నేను ఊహించి రాసిందే గానీ, ఇలాంటివి మీకు కుప్పలుగా వస్తాయి:

"మన పూర్వ విద్యార్థిని ఒక ప్రతిష్ఠాత్మక అంతర్జాతీయ సదస్సులో తన అద్భుత పరిశోధనను ఆవిష్కరించి యూనివర్సిటీ కీర్తిని ఖండాంతరాలకు చాటారు."

ఇందులో ఒక్క విషయం కూడా లేదు. ఫోన్ చేసి అడగండి: దేని మీద పని చేశారు? పోస్టరా, ప్రసంగమా? ఒక్కరేనా? అందులో కష్టమైన భాగం ఏది? చివరి ప్రశ్నకి వచ్చే జవాబే సగం వార్త. అడిగాక అది ఇలా మారొచ్చు:

"2018 ఎమ్మెస్సీ బ్యాచ్‌కి చెందిన ఫలానా, చెరువుల్లో నాచు విపరీతంగా పెరగబోతోందని ముందే పసిగట్టే చవక సెన్సార్ తయారుచేశారు. జూన్‌లో జరిగిన ఫలానా సదస్సులో దాని మీద పోస్టర్ పెట్టారు. సెన్సార్ గాజు మీద పాకుడు పట్టి రీడింగులు తప్పుగా వస్తుంటే, రెండు వేసవుల పాటు చెరువులోకి దిగి రోజూ తుడిచి లెక్కలు రాసింది ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్న ఫలానా, ఫలానా."

కీర్తి, ఖండాంతరాలు పోయాయి. చెరువులోకి దిగిన ఇద్దరు జూనియర్లు వచ్చారు. చదివినవాళ్లకి సెన్సార్ గురించి అడగాలనిపిస్తే ఎవరిని అడగాలో కూడా తెలిసింది.

ఒక చిట్కా: రాసినదాంట్లో క్రియల కింద గీత గీయండి. చాటారు, నిలిచారు, ఇనుమడింపజేశారు అని ఉంటే తిరగరాయాలి. తయారుచేశారు, గెలిచారు, చేరారు, నేర్పారు అని ఉంటే సరే. ఒక్కో వార్తకి 40 నుంచి 80 మాటలు చాలు. డీన్ గారి పిల్లల వార్తకైనా అంతే.

6. పతకం లేని వార్తలకి చోటు పెట్టండి

బులెటిన్ తెరవగానే చాలామంది వెతికేది అవార్డుల పేజీ కాదు, తమ బ్యాచ్ పేర్లు. ఎవరు ఏ ఊరు మారారు, ఎవరు రిటైరయ్యారు, ఎవరు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ చదువులో చేరారు, ఏ ఊళ్లో కొత్తగా కలుసుకోవడం మొదలుపెట్టారు. వీటికి పేజీల్లో కనీసం మూడో వంతు ఇవ్వండి.

"కావాలి, ఇస్తాం" అని ఒక చిన్న శీర్షిక కూడా పెట్టండి. ఇంటర్న్‌షిప్ వెతుక్కుంటున్న విద్యార్థి, మాక్ ఇంటర్వ్యూ చేసిపెడతానన్న సీనియర్, పాత ల్యాబ్ నోట్సు కావాలన్నవాళ్లు. ఇందులో జరిగినదాన్ని తర్వాతి సంచికలో ఒక వాక్యంలో చెప్పండి, ఫలానావారు ఇద్దరికి మాక్ ఇంటర్వ్యూలు చేశారు అని. అది చూసి మరో ఇద్దరు ముందుకొస్తారు. విరాళాల పిలుపు మాత్రం ఇదే పేజీలో కలపకండి. ప్రతి పలకరింపు వెనకా డబ్బు అడుగుతారేమో అన్న అనుమానం ఒకసారి వచ్చిందంటే, బులెటిన్ తెరవడమే మానేస్తారు.

7. నివాళి వార్తకి వేరే నియమం

ఎవరైనా పోయారని తెలిస్తే కనీసం ఇద్దరి దగ్గర నిర్ధారించుకోండి, వాళ్లలో ఒకరు కుటుంబ సభ్యులై ఉండాలి. గ్రూపులో ఫార్వర్డ్ అయిన మెసేజ్ పదిమంది దగ్గర్నుంచి వచ్చినా అది ఒక్కటే మెసేజ్ కింద లెక్క. అదే పేరున్న ఇంకొకరు కావచ్చు. కారణం రాయకండి, కుటుంబం కోరితే తప్ప. తెలిసిన ఒకరి చేత నాలుగు వాక్యాలు రాయించండి, పదవుల జాబితా కన్నా అది వందరెట్లు నయం.

8. రాసింది ఆ మనిషికి చూపించండి

వార్త మొత్తం అతికించి, "ఎల్లుండి సాయంత్రం లోపు తప్పులుంటే చెప్పండి" అని పంపండి. విషయం తప్పైతే దిద్దండి. విశేషణాలు చేర్చమంటే మర్యాదగా కుదరదనండి. జవాబే రాకపోతే? అనుమతి ముందే ఉంటే వేయొచ్చు, లేకపోతే ఆపండి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. ప్రింట్ వేసేట్టయితే 10 సెంటీమీటర్ల వెడల్పు ఫొటోకి దాదాపు 1,180 పిక్సెళ్లు ఉండాలి, అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన. గ్రూప్ ఫొటో కింద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాయండి, తెలియని ముఖం ఉంటే కనుక్కోండి, "తదితరులు" అనకండి.

9. పంపండి

ముందు ఇద్దరు ముగ్గురికి టెస్ట్ మెయిల్ పంపి ఫోన్‌లో తెరవమనండి. లింకులన్నీ నొక్కి చూడమనండి. అందరి చిరునామాలూ బీసీసీలోనే ఉండాలి. టూలోనో సీసీలోనో పెట్టారంటే అందరి ఐడీలూ అందరికీ తెలిసిపోతాయి, ఆపై ఎవరో ఒకరు రిప్లై ఆల్ కొడతారు, ఇక ఆ రోజంతా "దయచేసి నన్ను తీసేయండి" మెయిళ్లే. వద్దనుకునేవాళ్లు ఎలా తప్పుకోవాలో కింద ఒక లైన్ రాయండి.

తరచూ జరిగే పొరపాట్లు

ఒకే సంచికలో ఒకరికి "శ్రీ", ఒకరికి "గారు", ఒకరికి వట్టి పేరు. ఏదో ఒకటి ఎంచుకుని అందరికీ అదే వాడండి. మగవాళ్లకి "ఇంజనీర్", ఆడవాళ్లకి "ఫలానావారి భార్య" అని పంపేవాళ్లు ఇంకా ఉన్నారు, అది మీ దగ్గరే ఆగాలి.

"తొలి", "ఏకైక", "అతి చిన్న వయసులో" అన్న మాటలు. వీటిని నిరూపించడం దాదాపు అసాధ్యం, బులెటిన్ వెళ్లిన గంటలోపే 1987 బ్యాచ్ నుంచి ఎవరో ఒకరు మెయిల్ చేస్తారు, అది మేం ఎప్పుడో చేశామని.

వెబ్‌సైట్‌లో ఉంది కదా అని లింక్డ్‌ఇన్ నుంచి వార్త ఎత్తి వేసేయడం. వాళ్లు అక్కడ రాసుకున్నారంటే ఇక్కడ వేయమన్నట్టు కాదు, అడిగితే పోయేదేముంది?

తప్పు దొర్లినప్పుడు పీడీఎఫ్ గుట్టుచప్పుడు కాకుండా మార్చేయడం. పాత కాపీ అప్పటికే పదిమంది ఫోన్లలో ఉంటుంది. తర్వాతి సంచిక మొదటి పేజీలోనే "గత సంచికలో ఫలానా అని పడింది, అది ఫలానా" అని వేయండి, అంతే.

బాగా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

పంపేముందు షీట్‌ని బ్యాచ్‌ల వారీగా సార్ట్ చేయండి. మూడు బ్యాచ్‌లే కనిపిస్తున్నాయా? అన్నీ ఒకే ల్యాబ్ వార్తలా? ఆడవాళ్లు ఎందరు, డిప్లొమావాళ్లు ఎందరు, ఆఫీసు సిబ్బంది ప్రస్తావన ఉందా? ఖాళీగా ఉన్నచోటే వచ్చేసారి ముందు ఫోన్ చేయాలి.

రెండోది, ఈ రంగంతో సంబంధం లేని ఒకరికి ఏదైనా ఒక వార్త చదివి వినిపించి "ఇందులో ఈవిడ ఏం చేసింది?" అని అడగండి. చెప్పగలిగితే పాస్.

పంపాక ఎంతమంది తెరిచారన్న లెక్క మీద ఎక్కువ ఆధారపడకండి, కొన్ని మెయిల్ యాప్‌లు మనిషి చూడకుండానే తెరిచినట్టు చూపిస్తాయి. ఎన్ని జవాబులొచ్చాయి, అందులో ఎన్ని కొత్తవాళ్ల నుంచి, ఎన్ని వార్తలు అడగకుండానే వచ్చాయి, ఎన్ని దిద్దుబాట్లు పడ్డాయి, ఇవి నాలుగూ ప్రతి సంచికకీ రాసిపెట్టుకోండి. అడగకుండా వచ్చేవి పెరుగుతుంటే మీ బులెటిన్‌ని నమ్ముతున్నట్టు. మొదటి రెండు సంచికలకి అలా ఒక్కటీ రాకపోయినా కంగారుపడకండి.

చివరగా ఆ ఈమెయిల్ సంగతి. ఫామ్, షీట్, ఫొటోల ఫోల్డర్ అన్నీ ఒక విద్యార్థి ఖాతాలో ఉంటే, డిగ్రీ అయ్యాక చాలా యూనివర్సిటీలు ఆ ఖాతాలు మూసేస్తాయి, దాంతో పాటే అన్నీ పోతాయి. డిపార్ట్‌మెంట్ ఐడీ కింద పెట్టండి, పాస్‌వర్డ్ కనీసం ఒక శాశ్వత ఉద్యోగి దగ్గర ఉండాలి. బాధ్యత చేతులు మారేటప్పుడు కొత్తవాళ్ల పక్కన కూర్చుని ఒక సంచిక మొత్తం వాళ్ల చేతే చేయించండి, వాయిదా వేసిన వార్తల జాబితా, ఏ బ్యాచ్‌కి ఎవరిని అడగాలో ఆ పేర్లు, ఫోన్ చేస్తే ఏ టైమ్‌లో తీస్తారో కూడా రాసి ఇవ్వండి.